రీప్లేలు లేని క్యాసెట్లు

బస్సు డ్రైవరుగారింట్లో బీరువా తెరిస్తే బట్టలు కనపడవు. పాత ఫుట్‌బాల్ మ్యాచ్‌ల వీడియో క్యాసెట్లు ఇటుకలు పేర్చినట్టు ఉంటాయి. బట్టలు మంచం కింద పెట్టెల్లోకి పోయి చాలా ఏళ్లయింది.

విచిత్రమేమిటంటే, వాటిలో ఒక్కటీ ఆయన రికార్డు చేసింది కాదు. మ్యాచ్ వచ్చే వేళకి ఆయనెప్పుడూ స్టీరింగు ముందే ఉండేవాడు. టీవీ ముందు రిమోటు పట్టుకుని కూర్చున్నది ఆయన భార్య. "టేపు వృథా కానీకు, ప్రకటనలు రాగానే ఆపెయ్" అని ఆయన చెబితే, ఆవిడ తు.చ. తప్పకుండా పాటించింది. పడ్డ గోలునే టీవీవాళ్లు మళ్లీ చూపిస్తుంటే, చూసిందే మళ్లీ ఎందుకని అదీ ఆపేసింది.

మొన్న క్యాసెట్లు సేకరించే పెద్దమనిషి ఒకాయన వచ్చి, ఒక ఫైనల్ చూసి పెదవి విరిచాడు.

"ఇందులో రీప్లేలే లేవండీ. నా దగ్గర పూర్తిది ఉంది, మార్చుకుందామా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

డ్రైవరుకి చిర్రెత్తుకొచ్చింది. క్యాసెట్టు బయటికి తీసి, చొక్కా అంచుతో తుడిచి, బీరువాలో దాని చోట దాన్ని పెట్టాడు.

"ఇవి మా ఆవిడ తీసినవండీ. మార్చుకునేవి కావు" అన్నాడు. "మీ క్యాసెట్లలో ఒక్కో గోలు నాలుగేసిసార్లు పడుతుంది, తీరిగ్గా చూడొచ్చు. మా ఇంట్లో ఒక్కసారే పడుతుంది. రెప్ప వెయ్యకుండా చూడాలి."