తెర వెనక కూర్చున్న జనం

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా విశాఖపట్నం నాటక బృందానికి గడ్డుకాలం వచ్చింది. తాతల నాటి హాస్య నాటకం ఆడుతుంటే కుర్రకారు సగంలోనే లేచిపోయేవారు. అలాంటప్పుడు అరకు దగ్గరి పల్లె నుంచి కాఫీ రైతులు పిలిచారు. “ఇదే ఆఖరు. అక్కడా నవ్వకపోతే మేకప్ పెట్టె అటకెక్కించేస్తాను,” అన్నారు మా పెద్ద సూర్యం మాస్టారు. ఆ నాటకమే ఆయన ప్రాణం. అది లేకుండా ఆయన ఇంట్లో ఊరికే కూర్చోవడం నేను ఊహించుకోలేకపోయాను.

శుక్రవారం తెల్లారి కిరండూల్ పాసింజర్ ఎక్కాం. టైడా స్టేషను దాటాక ప్రతి సొరంగంలోనూ నా డైలాగులు నేనే వల్లించుకున్నాను. నవ్వు నాకే రాలేదు! పదకొండుకి అరకులో దిగి, మనిషికి పది రూపాయలిచ్చి షేర్ జీపు ఎక్కాం. “బేగి ఎక్కండి బాబూ, సంత జనం వచ్చేత్తే మీ తెరలకి సోటుండదు,” అని తొందరపెట్టిన డ్రైవరు, “నవ్వొత్తాదా మీ నాటకం?” అనడిగాడు. మాస్టారు మేకప్ పెట్టె ఒళ్లోకి లాక్కున్నారు.

మధ్యాహ్నం కాఫీ తోట పక్కన రెండు సిల్వర్ ఓక్ చెట్లకి తెర కట్టాం. తీరా చూస్తే జనంలో సగం మంది తెర వెనకే కూర్చున్నారు. నాకు ఒళ్లు మండింది. “ముందుకెళ్లి కూర్చోండమ్మా,” అన్నాను. అక్కడున్న పెద్దావిడ కదల్లేదు. “మా ధింసా ఆటకి ముందూ ఎనకా ఉండదు బాబూ. సుట్టూరా కూకుంటాం. నువ్వాడుకో,” అంది.

నాది దొంగ తాసిల్దారు వేషం. ఆ హోదా చెప్పుకుని పెళ్లిచూపులకి వస్తాను. ఇంతలో అసలు తాసిల్దారు, అంటే మాస్టారు, అదే ఇంటికి వస్తాడు. నేను తెర వెనక్కి దూరాలి. దూరాను. “ఇడిగో! ఇక్కడ దాగున్నాడు!” అని పెద్దావిడ కేక. ముందున్నవాళ్లంతా లేచి వెనక్కి పరుగు. నాటకంలో లేని ఈ గోలకి మాస్టారు ఒక్క క్షణం తెల్లమొహం వేసి, తెర లాగి, నా చెవి పట్టుకుని ముందుకి ఈడ్చుకొచ్చారు. జనం పడీ పడీ నవ్వారు. హమ్మయ్య!

తర్వాత చోడి అంబలి, అదే రాగి జావ, పోస్తూ పెద్దావిడ నా మొహంలోకి చూసింది. “పెద్దాపీసర్నని సెప్పి మొన్నొకడు మా ఊల్లో కోడికూర తినేసి పోనాడు. ఆడు మీ నాటకంలోకి ఎలగొచ్చాడు?”

“మా తాత కాలంలోనే వచ్చాడమ్మా. ఇంకా పోలేదు,” అన్నారు మాస్టారు.

తిరుగు రైలు దాటిపోయింది, సాయంత్రం బస్సులో ఘాట్ దిగాం. నాటకం ముసలిదైపోయిందని ఇన్నాళ్లూ బెంగపడ్డాం. ఆ దొంగ ఇంకా ఊళ్లమ్మట కోళ్లు తింటూ తిరుగుతుంటే అది ముసలిదెలా అవుతుంది? మేకప్ పెట్టె ఒళ్లో పెట్టుకుని మాస్టారు హాయిగా గుర్రు పెడుతుంటే నా ప్రాణం లేచొచ్చింది.

వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. శుక్రవారం సంత చూడండి, స్వెట్టరు పట్టుకెళ్లండి. అక్కడ నాటకమే ఆడదలిస్తే మాత్రం, తెర వెనక పంచె మార్చుకోకండి.