ఏరేటర్లు తిరగని చెరువు

కాకినాడలో మా చిన్న కంపెనీ రొయ్యల చెరువులకు కంట్రోలర్లు తయారుచేసేది. నీటిలో ఆక్సిజన్ లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల కంటే తగ్గితే, నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లను దానంతటదే తిప్పే పెట్టె అది. లోపలి ప్రోగ్రామ్ నాదే. ఒక వర్షాకాలం కొత్త వెర్షన్ ఎక్కించిన వారానికే, భీమవరం దగ్గర ఒక రైతు చెరువులో ఆక్సిజన్ పడిపోయినా ఏరేటర్లు కదల్లేదు. ఆయన చూసి చేత్తో స్విచ్ వేసేలోగా సగం రొయ్యలు పోయాయి.

నన్ను పంపారు. గట్టు మీది రేకుల షెడ్డులో లాప్‌టాప్ తెరిచాను. రైతు గుమ్మంలోనే కుర్చీ వేసుకున్నారు.

"కారణం తెలిసేదాకా కదలకండమ్మా. రెండో చెరువు కూడా మీ పెట్టె మీదే ఉంది," అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఎదురు చెప్పలేకపోయాను.

కాచి చల్లార్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. సెన్సర్ అందులో ముంచి చూశాను. ఏరేటర్లు తిరగలేదు. లోపల ఏం జరుగుతోందో చూద్దామని, అంకెలను తెర మీద చూపించే ఒక ప్రింట్ లైను చేరిస్తే చక్కగా తిరిగాయి. తీసేస్తే మళ్లీ మొండికేశాయి. నా కోడ్‌ను చిప్ భాషలోకి మార్చే కంపైలర్, దాన్ని కుదించడానికి చేసే ఆప్టిమైజేషన్‌ను ఆపేద్దామంటే ప్రోగ్రామ్ ఆ చిప్‌లో పట్టదు.

టీమ్ లీడ్ గారికి ఫోన్ చేసి కంపైలర్ మీద అనుమానంగా ఉందన్నాను.

"ఎంతమంది వాడుతున్నారండీ దాన్ని! మీ కోడే ఇంకోసారి చూడండి," అని పెట్టేశారు.

రేకుల మీద వాన ఆగలేదు. తప్పు నాదేనని ఒప్పుకుంటే ఈ షెడ్డులోంచి బయటపడతాను కదా అనిపించింది.

రెండో రోజు, కంపైలర్ ఇచ్చిన మెషిన్ కోడ్‌ను అడుగడుగూ కాగితం మీద రాసుకుంటూ వెళ్లాను. నాలుగు అనే హద్దును అది చిప్‌లో ఒక్క అంకె పట్టే గడిలో, అంటే ఒక రిజిస్టర్‌లో పెట్టింది. ఎన్ని రీడింగులు మిగిలాయో లెక్కించడానికీ అదే రిజిస్టర్ వాడుకుంది. చివరికి అందులో సున్నా మిగిలింది. ఆక్సిజన్‌ను ఆ సున్నాతో పోల్చింది. సున్నా కంటే ఎన్నడు తగ్గుతుంది?

ఆ ఒక్క ఫంక్షన్‌కు ఆప్టిమైజేషన్ ఆపాను. ఏరేటర్లు తిరిగాయి.

"అంటే, మీరు సరిగ్గానే రాస్తే అది మార్చేసిందా? మీకు ముందు తెలియలేదా?" అన్నారు రైతు.

"లేదండీ," అన్నాను.

ఆఫీసులో ప్రింట్ లైనుతోనే పరీక్షించి, తీసేశాక మళ్లీ చూడకుండా పంపామని చెప్పడానికి అక్కడ నోరు రాలేదు. రావులపాలెంలో బస్సు ఆగినప్పుడు రైతుకు ఫోన్ చేసి చెప్పాను.

"సరేనమ్మా," అని పెట్టేశారు.