మా బాపు మాట కోసం ఒక విండో

మొన్న ఇంటర్నెట్‌లో ఎవరో అడిగిన ప్రశ్న ఒకటి కంటపడి చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. పెద్దగా ఎవరికీ తెలియని ఒక ప్రోగ్రామింగ్ భాషలో డెస్క్‌టాప్ విండో తయారు చేయాలంటే ఏ లైబ్రరీ ఎంచుకోవాలని ఆ ప్రశ్న. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. తెర మీద విండోలు, బటన్లు, అక్షరాలు గీసిపెట్టే రెడీమేడ్ సరంజామా. కింద జవాబులన్నీ ఎగతాళే. ఆ భాష ఎందుకు, ఈ రోజుల్లో డెస్క్‌టాప్ ఎందుకు, అందరూ వాడేదే వాడుకోరాదా అని. అందరూ నమ్ముతున్నారు గనుక నిజమనే వాదాన్ని గుమ్మం దాటి రానివ్వని ఇంట్లో పెరిగినవాణ్ణి నేను, నాకు కోపం వచ్చింది. ఆ కోపం వెనకాలే, అదే ప్రశ్న నా ప్రాణం తోడేసిన రోజులు గుర్తొచ్చాయి.

మాది సంతోష్‌నగర్. మా బాపు పగలంతా ఆఫీసులో గుమాస్తా, సాయంత్రమైతే వాదోపవాదాల మనిషి. దయ్యాలు, ముహూర్తాలు, తాయెత్తులు, దేని మీద సభ జరిగినా మలక్‌పేట దాకా నడిచి వెళ్లి, వెనక వరసలోంచి లేచి నిలబడి, ఆధారమేమిటని అడిగేవాడు. ఆయన అక్క, అంటే మా మేనత్త, బర్రెలు పెట్టుకుని పాలు పోసి బతికిన మనిషి. ఉన్న దేవుళ్లందరికీ మొక్కితే గాని చెంబు పట్టుకునేది కాదు. అక్కాతమ్ముళ్లు బతుకంతా పోట్లాడుకున్నారు, అయినా ఆమె పాలు మొదట మా గడపలోకే వచ్చేవి.

అలాంటి బాపుకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. మనం చెప్పేదంతా ఆయనకు అర్థమవుతుందని డాక్టరు చెప్పాడు, ఆ సంగతి కళ్లలో తెలిసేది కూడా. కాని తల ఆగకుండా వణుకుతూ ఉండేది, అవునని ఊపాడో కాదని ఊపాడో ఎవరూ చెప్పలేకపోయేవాళ్లు. ఒక అట్ట మీద అక్షరాలు రాసి ముందు పెట్టాం. ఎడమచేతి వేలు జారేది, జారి ఎక్కడ ఆగితే అక్కడ ఎవరికి కావలసిన మాట వాళ్లు చదువుకునేవాళ్లం. మేనత్త తాయెత్తు తెచ్చిన రోజు ఆ వేలు ‘క’ మీద ఆగింది.

“చూసినవా, కట్టుమంటుండు నా తమ్ముడు.”

“కట్టొద్దు అంటున్నడేమో అత్తా. నీకెట్ల తెలుసు?”

“మరి నీకెట్ల తెలుసు బిడ్డా?”

శుక్రవారం పొద్దున వచ్చి కడతానని చెప్పి ఆమె వెళ్లిపోయింది. ఒక దారప్పోగుకు ఇంత లొల్లి ఎందుకని మీరనవచ్చు. బతుకంతా దేన్ని కాదన్నాడో దాన్ని, కాదనే శక్తి పోయిన రోజు చూసి ఒంటికి కట్టడమంటే మనిషిని బతికుండగానే పాతిపెట్టడమని నాకప్పుడు అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

నాకు చేతనైన పని ఒక్కటే, ప్రోగ్రాము రాయడం. తెర మీద పెద్ద గళ్లలో మాటలుంటాయి: అవును, కాదు, వద్దు, నీళ్లు, నొప్పి. గళ్లు ఒకదాని తరువాత ఒకటి వెలుగుతాయి. కావలసిన మాట వెలిగినప్పుడు బాపు కీబోర్డు మీద ఎక్కడ కొట్టినా ఆ మాట వినిపించాలి, మధ్యలో అర్థం చెప్పేవాళ్లు ఉండకూడదు. నాకు గట్టిగా వచ్చిన ప్రోగ్రామింగ్ భాషేమో మా ఊళ్లో నేను తప్ప ఇంకొకరు రాయగా చూడనిది. ప్రతి మాటకూ రుజువు అడిగేదని దాన్ని ఇష్టపడి నేర్చుకున్నాను, వేరేది నేర్చుకునేంత వ్యవధి లేదు. ఫలక్‌నుమాలో కంప్యూటర్లు బాగుచేసే నా మిత్రుడు ఒక పాత కంప్యూటరు డబ్బా మోసుకొచ్చి, ఆ భాష పేరు విని నెత్తి పట్టుకున్నాడు.

“క్యా భాయ్, దునియాల ఇంకో జబానే దొర్కలేదా నీకు? పెండ్లి గూడ గిట్లనే జేస్కున్నవా?”

ఆ భాషకు ఉన్నవే మూడు లైబ్రరీలు. మొదటిది చూడముచ్చటగా ఉండేది, తెలుగు పెట్టగానే ఒత్తులూ గుణింతాలూ ఊడి పక్కన పడేవి. అచ్చుతప్పు కనబడితే అన్నం సహించని మనిషి ముందు ఆ ముక్కలు ఎలా పెట్టను? రెండోది తెలుగు చక్కగా చూపింది గనుక దాన్నే ఖాయం చేసుకున్నాం. తెలుగు పలికే యంత్రం మాకప్పుడు దొరకలేదు, మాటలన్నీ నా గొంతుతోనే రికార్డు చేశాను. గురువారం పొద్దున బాపు ముందు పెట్టాం. ఒక మాట పలుకుతున్నంతసేపూ విండో బిగుసుకుపోయి, ఆ తరువాత వెలుగు గళ్లు దాటి దూకేది, ఆలోగా కొట్టిన దెబ్బ వేరే గడి మీద పడేది. ఆయన ‘వద్దు’ మీద కొట్టాడు, ‘అవును’ అని వినిపించింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ ‘అవును’. చేయి ఒళ్లో పెట్టుకుని నావైపు చూశాడు. అలాంటి చూపు పగవాడి మీద కూడా పడకూడదు.

“చూస్తందుకు సూరత్ మంచిగున్నది, గిదే ఉండనీ భాయ్. తప్పు తర్వాత చూస్కుందాం,” అన్నాడు మిత్రుడు.

మనిషి నోట్లో అబద్ధం పెట్టాక తర్వాత అనేది లేదని అరిచాను. ఇక మిగిలింది మూడోది. దాన్ని రాసినవాడు ఏనాడో వదిలేసి పోయాడు, రూపం రేకుల షెడ్డు లాంటిది, మా డబ్బా మీద ఎక్కనే ఎక్కదు. ఏదో ముక్క లేదంటుంది, అది వెతికి తెస్తే ఇంకోటి లేదంటుంది. నమ్మకమున్నవాడికి అలాంటప్పుడు మొక్కుకునే వీలైనా ఉంటుంది. నాకు అదీ లేదు, మిత్రుడి తిట్లు తప్ప వేరే తోడు లేదు. ఇక లాభం లేదనుకుని లేవబోతుంటే, దీపాలు పెట్టే వేళకు ఆ బూడిదరంగు విండో తెరుచుకుంది. మాట పలుకుతున్నా వెలుగు తన దారిన నడిచింది, అక్షరం చెదరలేదు.

తెల్లవారి, మిత్రుడు ఇంకా వెళ్లకముందే, మేనత్త తాయెత్తుతో వచ్చింది. బాపు వెలుగు కోసం కాచుకుని కొట్టాడు. వద్దు.

“ఏందిరా, గది నీ గొంతు గాదా?” అంది ఆమె. “చిల్క జోస్యమోడు గూడ చిల్కనే చీటి తీసిందంటడు. తీసుడు నేర్పిందెవడు?”

నిలువునా చచ్చిపోయాను. ఆ వాదం బాపుది. ఏళ్ల తరబడి ఆయన ఆమె మీద విసిరినదే.

“మీరిద్దరు బయటికి వోండ్రి. మా ఇద్దరికే ఎరుకైనయి నేనడుగుత,” అని తలుపు వేసుకుంది.

గడప బయట నేనూ మిత్రుడూ నిలబడ్డాం. లోపల్నుంచి నా గొంతే నాకు పరాయిదిగా వినబడింది. కాదు. అవును. చాలాసేపటికి మళ్లీ, కాదు. మేనత్త పకపకా నవ్వింది, ఆ నవ్వు మధ్యలో విరిగి ఏడుపయింది. తరువాత ఆమె ఏదో మెల్లగా అడిగింది. వద్దు.

తలుపు తీసి తాయెత్తు నడుముకు దోపుకుంటూ బయటికొచ్చింది. “వాడే. గదే మొండితనం, జర్ర గూడ తగ్గలే,” అని పాలు కాచడానికి వంటింట్లోకి వెళ్లింది.

బాపు ఆ తరువాత ఎక్కువ కాలం లేడు, కొన్నేళ్లకు మేనత్తా పోయింది. లోపల ఏమడిగిందో ఆమె చెప్పలేదు, చెప్పడానికి బాపు గళ్లలో ఆ మాటలు లేవు. ఇప్పుడు ఏ లైబ్రరీ మంచిదో అడిగితే యంత్రమే తడుముకోకుండా చెబుతుంది, తెలుగు కూడా గడగడా పలుకుతుంది, అది ఎవరి గొంతని అడిగేవాళ్లే కనబడరు. నాకూ వయసు మీదపడింది. నన్ను అంతగా అనుమానించి, గదిలోంచి వెళ్లగొట్టి, పరీక్షించి, ఆ పైన నమ్మిన మనిషి మళ్లీ ఎదురుపడలేదు. నేనేమన్నా ఇంట్లో ఇప్పుడు అందరూ సరేనంటారు, సగం వినకుండానే.