తుడవని పసుపు రంగు

ఎనిమిదేళ్లుగా ఒక ఉక్కు ముక్కను మోస్తున్నాను. తూకం వేస్తే పావుకిలో కూడా ఉండదు. నా టూల్ బాక్సు అడుగున, బట్టలో చుట్టి, మూడు వారాలే దాచాను. ఆ తర్వాత అది ఎక్కడికి పోయిందో తెలియదు. బరువు మాత్రం దిగలేదు. ఇంట్లో చెప్పలేదు. షాపులో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. పేర్లు అడగకండి. నాది చెప్పను, ఆమెది అసలే చెప్పను. ఆమెను మేడం అనే పిలిచేవాణ్ని, ఇక్కడా అలాగే అంటాను.

ఒక మాట ముందే చెప్పాలి. కుమిలిపోతున్న మంచివాణ్ని అనుకుని చదవకండి. చేసేటప్పుడు సంతోషంగా చేశాను.

నాది ఐటీఐ, మెషినిస్ట్. ఉప్పల్‌లో ఇల్లు, మల్లాపూర్‌లో షాపు. నాచారంలోని పెద్ద కంపెనీలకు చిన్న చిన్న విడిభాగాలు చేసిచ్చే షెడ్డు మాది. అప్పటికి అక్కడ పంతొమ్మిదేళ్లు చేశాను. మా దగ్గర టీ వస్తే స్టాఫ్‌కు పింగాణీ కప్పుల్లో, వర్కర్లకు స్టీలు గ్లాసుల్లో పోస్తారు. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు, అలా నడుస్తుంది. పంతొమ్మిదేళ్లు గ్లాసులో తాగాను. పాత ఇన్‌ఛార్జ్ మానేసిన రోజు ఓనర్ నా భుజం మీద చెయ్యేసి, "ఇగ షాపంత నువ్వే సూసుకోవాలె" అన్నాడు. ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను. బావమరిదికి ఫోన్ చేసి మరీ చెప్పాను. అదే తప్పయింది.

నెల తిరక్కుండా ఓనర్ మళ్లీ పిలిచాడు. "కంపెనీవాళ్లు డిగ్రీ ఉన్నోళ్ల సంతకం కావాలంటున్నరు. నన్నేం జెయ్యమంటవ్?" అన్నాడు. తర్వాతి సోమవారమే ఆమె వచ్చింది. బీటెక్ మెకానికల్. సూర్యాపేట వైపు అమ్మాయి, ఉప్పల్ హాస్టల్లో ఉండేది, వయసు ఇరవై మూడుకు మించదు. వచ్చిన గంటలోనే ఆమె టేబుల్ మీదకు పింగాణీ కప్పు వచ్చింది. ఆమె అడగలేదు. దాని అర్థం కూడా ఆమెకు తెలియదు. నాకు మాత్రం ఒళ్లంతా మండింది.

నిజం చెప్పాలి కదా, పిల్ల చెడ్డది కాదు. "అన్నా, ఇదేంది? అన్నా, గిది ఎందుకు గిట్ల?" అంటూ వెంట తిరిగేది. నేనూ నేర్పాను. స్టోరులో ఉక్కు కడ్డీల అంచులకు రంగులెందుకు పూస్తామో మొదటి వారంలో నేనే చెప్పాను. ఒకసారి వచ్చిన సరుకుకు ఒక రంగు, మరోసారి వచ్చినదానికి ఇంకో రంగు, ఒకటి ఇంకొకదానిలో కలవకుండా. చేసిన పీసుల్ని పంపే ముందు ఆ రంగును థిన్నర్‌తో తుడిచేస్తాం. ఆమె బుద్ధిగా నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

మరి పగ ఎందుకు? మూడు నెలలకు కంపెనీవాళ్లు షాపు చూడటానికి వచ్చారు. వాళ్లలో ఒకాయన నా మిషన్ దగ్గర ఆగి, జాబ్‌ను, అంటే చెక్కాల్సిన ముక్కను, అలా ఎందుకు బిగించావని నన్నే అడిగాడు. ఆ బిగింపు నా ఆలోచన. చెప్పబోయాను. నోట్లో మాట నోట్లో ఉండగానే ఆమె అడ్డం వచ్చి, "హీ ఈజ్ ఓన్లీ ఐటీఐ సర్, ఐ విల్ ఎక్స్‌ప్లెయిన్" అంది. నా ఆలోచనను ఇంగ్లిష్‌లో చెప్పింది. ఆయన ఆమెకు చెయ్యి కలిపి ముందుకెళ్లాడు. వెనక లేత్ మీద ఉన్నవాడు కిసుక్కున నవ్వాడు.

ఓన్లీ ఐటీఐ. ఆ మాట తలుచుకుంటే ఈ రోజుకీ పళ్లు పటపటలాడతాయి. భయంతో అంది, గొప్పకు కాదు. ఓనర్ పక్కనే ఉన్నాడు, తనకేం తెలుసో చూపించుకోవాలి పాపం. ఇదంతా నాకు అప్పుడే అర్థమైంది. అర్థమైతే కోపం తగ్గుతుందని ఎవరన్నారు?

తర్వాత వారం కొత్త ఆర్డర్ వచ్చింది. చిన్న ఉక్కు బ్రాకెట్లు, ఒక పక్కన గాడి, ఒక అంచు చెక్కకుండా వదిలేయాలి. డ్రాయింగ్ అమెరికాది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వస్తువును పక్క నుంచి చూసిన బొమ్మను కాగితం మీద ఏ వైపు వేయాలన్నదానికి రెండు పద్ధతులున్నాయి. మన దగ్గర నేర్పేది ఒకటి, అమెరికావాళ్లు వేసేది ఇంకొకటి. ఏ పద్ధతో చెప్పడానికి కాగితం మూలన చిన్న గుర్తు ఉంటుంది. అది చూడకుండా చదివితే కుడి ఎడమవుతుంది. నేను పనిలో చేరిన కొత్తలో ఈ తప్పే చేస్తే మా ఉస్తాద్ చెంప పగలగొట్టి, ఆ గుర్తు మీద నా వేలు పెట్టి చూపించాడు. అప్పటి నుంచి ఏ డ్రాయింగ్ ఇచ్చినా నా కన్ను ముందు ఆ మూలకే పోతుంది. ఆమెను ఎవరూ కొట్టలేదు. ఆమె కన్ను అటు పోలేదు.

మా మిషన్ కంప్యూటర్‌తో నడిచేది, దాని ప్రోగ్రాం ఆమె రాసింది. పొద్దున్నే డ్యూటీకి వచ్చి చూడగానే తెలిసిపోయింది, గాడి అవతలి వైపుకు పోతోందని. ఇంకా ఎవరూ రాలేదు. ఒక్క లైను మార్చి ఒక పీసు చేశాను. కరెక్టుగా వచ్చింది. చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. తర్వాత ఏం చేశానో వినండి. దాన్ని బట్టలో చుట్టి టూల్ బాక్సులో పెట్టాను. మార్చిన లైనును మళ్లీ ఎలా ఉన్నదో అలా పెట్టేశాను. ఆమె రాసిన తప్పును తిరిగి నా చేత్తో టైప్ చేశాను. మరచిపోయాననో, పట్టించుకోలేదనో చెప్పుకోవడానికి నాకు వీల్లేదు. అప్పుడు ఆమె ప్రోగ్రాంతో రెండో పీసు చేసి, అదే మొదటి పీసని ఆమె ముందు పెట్టాను.

మా దగ్గర మొదటి పీసును ఇంజినీర్ చూసి, చీటీ మీద సంతకం చేసి, మిషన్‌కు వేలాడదీయాలి. ఆ తర్వాతే మిగతావి. ఆమె కొలిచింది. కొలతలన్నీ కలిశాయి, కలవకేం, గాడి వైపు మారింది కానీ కొలత మారలేదు కదా. అయినా పెన్ను పట్టుకుని ఆగింది.

"అన్నా, జర సూడవా. సరిగ్గనే ఉందా?"

"నన్నడుగుతున్నరేంది మేడం?"

"మస్తు ఏండ్ల సంది జేస్తున్నవ్ గదన్నా. నీకు తెలుస్తది."

"నేను ఓన్లీ ఐటీఐ గద మేడం. డ్రాయింగ్ సదివేది మీరు. సంతకం గూడ మీదే."

ఆమె మొహం కందిపోయింది. "ఆ రోజు గట్ల అనొద్దుండె. తప్పయింది అన్నా," అంది.

క్షమాపణ అడిగింది, విన్నారా? అక్కడితో ఆగిపోయి ఉండొచ్చు. నా కసి తీరడానికి ఆ మాట చాలాలి. చాల్లేదు. ఎందుకు చాల్లేదు? ఒంటరిగా ఉన్నప్పుడు అడిగిన క్షమాపణ నాకెందుకు, నలుగురి ముందు పోయిన పరువు నలుగురి ముందే రావాలి అనుకున్నాను. "మిగతావి ఎక్కియ్యాల్నా మేడం?" అని అడిగాను. ఆమె సంతకం చేసింది.

ఆ లాట్ నడిచిన నాలుగు రోజులు నేను లోపల ఎంత హాయిగా ఉన్నానో చెబితే మీరు ఉమ్మేస్తారు. ఒక్కో పీసు ట్రేలో పడినప్పుడల్లా కడుపు చల్లబడేది. ఇంట్లో కూర బాగుందని మెచ్చుకున్నాను కూడా.

మూడు వారాలకు సరుకంతా వాపసొచ్చింది. మర్నాడు పొద్దున ఓనర్ అందరినీ నిలబెట్టి ఆమెను తిట్టాడు. "నాలుగేండ్లు ఏం సదివినవమ్మా? కుడేదో ఎడమేదో తెల్వదా?" ఆమె తల దించుకుని నిలబడింది. నేను ఎదురుచూసిన ఘడియ అదే. కొత్త పీసు చేసి చూపించేంత ఓపిక కూడా నాకు లేకపోయింది. "నిన్ననే నాకు డౌటొచ్చింది సార్. పొద్దుగాల ఒకటి జేసి సూసిన," అని టూల్ బాక్సులోంచి ఆ ముక్క తీశాను. షాపంతా నా వైపు తిరిగింది. లేత్ మీదవాడు కూడా.

ఓనర్‌కు ఇవ్వబోతుంటే ఆమే చెయ్యి చాపి తీసుకుంది. తిప్పి చూసింది. చెక్కకుండా వదిలిన అంచు దగ్గర ఆగింది. అక్కడ పసుపు రంగు ఉంది. పసుపు రంగు ఉక్కు ఆ లాట్‌తోనే అయిపోయింది. ఆ పొద్దున షాపులో ఉన్నదంతా ఎర్ర రంగు కడ్డీలే. ఈ ముక్క మూడు వారాల కిందటిదని ఆమెకు తెలిసిపోయింది. రంగుల సంగతి చెప్పింది నేనే కదా!

ఆమె నా మొహంలోకి చూసింది. పక్కనున్న థిన్నర్ గుడ్డ అందుకుంది. ఆ పసుపు రంగును తుడిచేసింది.

"తుడువనే లేదు గదన్నా," అంది మెల్లగా. ముక్కను ఓనర్ చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రమే ఆమెను తీసేశారు. పనిచేసినట్టు సర్టిఫికెట్ కూడా ఇవ్వలేదు. అది లేకుండా ఇంకో షాపు గడప ఎక్కడం కష్టమని నాకు తెలుసు. ఎక్కడుందో తెలియదు, అడగలేదు. నేను ఇన్‌ఛార్జ్ అయ్యాను. నా టీ పింగాణీ కప్పులో వస్తుంది. ఎవరు షాపుకు వచ్చినా ఓనర్ ఈ కథే చెబుతాడు, "డిగ్రీలు ఏం జేస్తయి సార్, మా ఐటీఐ ఆయన సూడున్రి" అని. నేను పక్కన నిలబడి నవ్వుతాను. నా చదువు గొప్పదని రుజువు చేయాలనుకున్నాను. రుజువైంది. దొంగ రుజువు.

ఎందుకు తుడిచింది? జాలిపడిందా? చెప్పినా నమ్మరనుకుందా? నేను ఎంత నీచుణ్నో నాకే చూపించి వెళ్లాలనుకుందా? ఏదైనా కావచ్చు. ఓన్లీ ఐటీఐ అన్నందుకు ఎప్పుడో క్షమించాను. ఆ రంగు తుడిచినందుకు మాత్రం క్షమించలేకపోతున్నాను. కక్ష తీర్చుకున్నది నేను. గెలిచింది ఆమె.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నా కూతురు బీటెక్ మొదటి ఏడాది. అవును, ఐటీఐలో చేర్పించలేదు, నవ్వుకోండి. మొన్న ఆదివారం డ్రాయింగ్ షీటు తెచ్చి నా ముందు పరిచి, "నాన్నా, జర సూడు. సరిగ్గనే ఉందా?" అంది. ఆ పిల్ల వేలు పట్టుకుని కాగితం మూలనున్న గుర్తు మీద పెట్టాను. "ముందుగాల ఇది సూడాలె బిడ్డా," అన్నాను. చెప్పడానికి ఒక్క క్షణం పట్టింది. అంతే పట్టింది.

మేడం, మీరు ఆ రోజు ఒక మాట అడిగారు. జవాబు ఇప్పుడు చెబుతున్నాను. సరిగ్గా లేదు. కుడి ఎడమైంది. నాకు ఆ పొద్దున్నే తెలుసు.