చీటీలో రాయించిన నొప్పి

నాలుగేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మా అక్క జబ్బు ముదిరింది ప్రభుత్వాసుపత్రి వల్ల కాదు. నా వల్ల. మీరు మా ఊరివాళ్లు కారు కాబట్టి చెబుతున్నాను.

కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న వై.ఎన్.హొసకోటలో నాకు బట్టల కొట్టుంది. ఆడవాళ్ల లోపలి బట్టలు కూడా అమ్ముతాను, కొలతలు గట్టిగా అరిచి మరీ. అలాంటివాడికి ఆ రోజు అంత సిగ్గు ఎక్కడినుంచి ఊడిపడిందో.

ఆసుపత్రిలో అక్క బెంచీ మీద కూర్చుంది. "రొమ్ములో గడ్డ ఉండాదని చెప్పప్పా. నొప్పేం లేదని గూడా చెప్పు" అంది.

కిటికీలో చీటీ రాసే ఆయన ఏం బాధని కన్నడంలో అడిగాడు. వెనక వరుసలో, మా పక్క సోలార్ పార్కులో పలకలు కడిగే ఆడవాళ్లు, నా దగ్గర కొనేవాళ్లే. నా నోట్లోంచి "ఎదె నోవు" అని వచ్చింది. ఎద నొప్పి. గడ్డ ఎగిరిపోయింది, లేని నొప్పి వచ్చి కూర్చుంది.

చీటీ చూసి కుర్ర డాక్టరు ఈసీజీకి పంపాడు. అంతా చీటీలో ఉందనుకుని అక్క వేరే చెప్పలేదు. గుండె భేషుగ్గా ఉంది, గ్యాసు, వేరుశెనగ మానేయమన్నాడు. అక్క నవ్వుతూ వచ్చింది. "గడ్డ కాడ వైర్లు పెట్టి చూసినారప్పా, ఏం లేదంట." అప్పుడైనా చెప్పవచ్చు కదా? ఎందుకు చెప్పలేదు? ఆమె సంతోషం చెడగొట్టకూడదని నన్ను నేనే నమ్మించుకున్నాను. అబద్ధం. మళ్లీ ఆ కిటికీ దగ్గర నిలబడి ఆ మాట అనాల్సొస్తుందని భయం.

వేరుశెనగ పండే సీమలో అక్క ఏడు నెలలు ఒక్క గింజ ముట్టలేదు. పథ్యం చేసింది ఆమె, పెరిగింది గడ్డ.

చివరికి ఇంటికొచ్చిన ఆశా కార్యకర్త సూటిగా అడిగి, తడిమి చూసి, బెంగళూరు తరిమింది. ఆపరేషన్‌లో ఒక పక్క తీసేశారు. ఇంత ఆలస్యం ఎందుకైందని అక్కడి పెద్ద డాక్టరు అడిగితే, "గవర్నమెంటు ఆసుపత్రి సార్, మీకు తెలియందేముంది" అన్నాను. ఊరంతా ఆ కుర్ర డాక్టరును తిట్టింది. అందరికంటే గట్టిగా తిట్టింది నేనే.

"నా తమ్ముడు లేకుంటే ఆ డాక్టరప్ప నన్ను సంపేసుండు" అంటుంది అక్క, వచ్చినవాళ్లందరితో. నేను తల దించుకుంటాను. వినయం అనుకుంటారు. ఏడు నెలల ముందే చూసి ఉంటే ఆ పక్క మిగిలేదా? తెలియదు. ఏ డాక్టరునీ అడగలేదు. అడగను కూడా.

రాసేశాక కాస్త ఊపిరాడుతోంది. ఈ కాగితం అక్క చేతికి దొరికినా ఏం కాదు. ఆమె చదివింది కన్నడ బడిలో, తెలుగు అక్షరాలు రావు. నేను తెలుగులో రాసింది అందుకే. నా ధైర్యం ఇప్పటికి అంతవరకే వచ్చింది.