పక్క క్లాసులో నవ్వులు

1984లో న్యూజెర్సీ ఎడిసన్‌లోని ఒక అడల్ట్ స్కూల్లో పార్ట్‌టైమ్ ఇంగ్లీషు టీచరుగా చేరాను. అంతకుముందు గుంటూరులో లెక్చరర్ని. నా విద్యార్థులు చాలామంది చైనీస్ మాట్లాడే రెస్టారెంటు వంటవాళ్ళు. మధ్యాహ్నం డ్యూటీలు కాబట్టి పొద్దున పూట క్లాసుకి వచ్చేవారు. చెక్క పార్టిషన్‌కి అవతల కారల్ అనే అమెరికన్ టీచరు అదే లెవెల్‌కి పాఠం చెప్పేది. ఆ ఏడాది మా ఇద్దరికీ కలిపి ఒకటే పర్మనెంట్ పోస్టు వచ్చింది.

కారల్ అంటే నాకు కడుపుమంట. గ్రామర్ అడిగితే తడబడేది, కానీ ఆమె గదిలోంచి ఎప్పుడూ నవ్వులే. నా గదిలో సుద్దముక్క చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. పైగా బ్రేక్ అయ్యేసరికి నా క్లాసు సగం ఖాళీ. పాపం డ్యూటీకి తొందర కాబోలని సరిపెట్టుకునేదాన్ని.

పోస్టు ఎవరికివ్వాలో తేల్చడానికి సూపర్‌వైజరు వెనక కూర్చుని ఇద్దరి పాఠాలూ వింటాడు. దీన్ని అబ్జర్వేషన్ అనేవాళ్ళం. పాఠం ఇద్దరికీ ఒకటే ఇచ్చాడు: ఎవరికీ తెలియకుండా కదలడాన్ని చెప్పే మాటలు. ముందు కారల్ వంతు. బూట్లు చేత్తో పట్టుకుని మునివేళ్ళ మీద గదంతా తిరిగిందట. ఒకటే గోల. ఇవతల నాకు ఒళ్ళు మండిపోయింది. పాఠమా, పగటివేషమా?

నా వంతు వచ్చింది. ఈ పాఠంలో ఆమెకు లేని బలం నాకుంది. తెలుగులో 'దొంగచాటుగా వెళ్ళాడు' అంటాం. చైనీస్‌లోనూ అంతే, 'వెళ్ళు' అనే మాటకి ముందు ఇంకో మాట తగిలిస్తారు. ఇంగ్లీషులో ఆ దొంగచాటు క్రియలోనే ఉంటుంది. నిద్రపోయే పాప లేవకుండా నడిస్తే టిప్‌టో. వేటకోసం పొంచి తిరిగితే ప్రౌల్. ఎవరి కంటా పడకుండా చటుక్కున జారుకుంటే స్లిప్ అవుట్, అందులో తప్పేమీ లేకపోవచ్చు. దొరికితే సిగ్గుచేటని తెలిసీ జారుకుంటే స్నీక్ అవుట్. ఈ తేడా కారల్ చెప్పి ఉండదని లోలోపల సంబరపడ్డాను.

ఒక వాక్యం చెప్పమని మిస్టర్ లిన్‌ని అడిగాను. క్లాసులో అందరికన్నా పెద్దవాడు, నెమ్మదస్తుడు. లేచి, "టీచర్, ఆఫ్టర్ ద బ్రేక్, వి స్నీక్ అవుట్ టు మిస్ కారల్స్ క్లాస్" అన్నాడు. బ్రేక్ అయ్యాక దొంగచాటుగా కారల్ క్లాసుకి జారుకుంటామని.

క్లాసంతా తలలు దించుకుంది. స్లిప్ అవుట్ ఎందుకు అనలేదని సూపర్‌వైజరు అడిగాడు. టీచర్‌కి తెలిస్తే బాధపడతారు కాబట్టి అన్నాడు లిన్. అక్కడ ఏముందని వెళ్తారని నేనడిగాను. అక్కడ తప్పు మాట్లాడొచ్చు, ఇక్కడ తప్పు మాట్లాడితే మీ ముఖం మారిపోతుంది అన్నాడు.

పోస్టు కారల్‌కి వెళ్ళింది. నా పాఠంలో లోపం లేదని సూపర్‌వైజరు చెప్పాడు గానీ, ఆ మాటతో మంట చల్లారుతుందా? ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పాక ఆ రోజు గురించి నాకు తేలింది ఒకటే. విద్యార్థి మనకు గిట్టని నిజాన్ని సరైన మాటతో మన ముఖాన చెప్పగలిగితే పాఠం వంటబట్టినట్టే. ఆ మాట లిన్‌కి నేర్పింది కారల్ కాదు, నేను.