మైలలో అన్న మాట

మా చిన్నప్పుడు... చిక్కడపల్లి ఇంట్లో బామ్మ పోయిన మర్నాడు పొద్దున్నే నేను వంటింటి గట్టెక్కి కూర్చుని కాఫీ తాగాను. ఆ రోజు నేను బయట చేరి ఉన్నాను. బామ్మ ఉండగా అయితే ఆ మూడు రోజులూ పెరటి వసారాలోనే... చాప, చెంబు, విడిగా ఓ కంచం. దాహమేసినా కేకేసి అడగాల్సిందే.

ఆ పొద్దున ఎవరూ ఏమీ అనలేదు. ఇల్లంతా మైల. మడి కట్టుకునేవాళ్లే లేరు. అందరూ మైలపడ్డాక ఇంకెవర్ని దూరం కూర్చోబెడతారు?

బామ్మ కోసం ఏడ్చాం, నిజంగానే. నా తలకి నూనె రాసి జడ వేసే చెయ్యి అది. వసారాలో ఉంటే తగలకుండా పైనుంచి కాఫీ పోసిందీ ఆ చెయ్యే... ఏడుస్తూనే ఇల్లంతా తిరిగాను. అమ్మ మొదటిసారి మగవాళ్లతోపాటే కూర్చుని వేడన్నం తింది. హాయిగా అనిపించేది, అనిపించినందుకు సిగ్గేసేది.

అందరికంటే గట్టిగా మాట్లాడింది పెద్దమ్మ, మా పెదనాన్న భార్య. బామ్మ చేతిలో బాగా నలిగింది ఆవిడే. ముందు పోర్షన్లో కిరాయికుండే అరుణక్క పరామర్శకి వచ్చినప్పుడు, ఆమె ముందే నన్ను దగ్గరికి లాక్కుని అంది:

"నేను పడ్డది చాలు. ఈ ఇంట్లో ఇక ఏ ఆడపిల్లా వసారాలో కూర్చోదు. విన్నావుటే? అందరం ఒకటే ఇక."

నెల దగ్గర పడుతోందంటేనే బెంగ పుట్టే వయసు నాది. పెద్దమ్మని వాటేసుకున్నాను.

కర్మకాండ అయింది. ఇల్లు కడిగారు, పుణ్యాహవాచనం నీళ్లు చల్లారు. మర్నాడు చూస్తే పెద్దమ్మ తడిచీరతో పొయ్యి దగ్గరుంది. అమ్మ గడప అవతల ఆగి, "అక్కయ్యా, పాలగిన్నె అందుకోనా?" అని అడుగుతోంది.

నా రోజులు రానే వచ్చాయి. చాప తెచ్చి వసారాలో పడేసింది పెద్దమ్మే.

బట్టలారేయడానికి పెరట్లోకి వచ్చిన అరుణక్క నన్ను చూసి ఆగిపోయింది. "ఏందక్కా, పిల్లని ఇట్ల కూసోబెట్టనని నువ్వే గదా అన్నవ్?"

"అది మైలలో అన్న మాట అరుణా. ఇప్పుడు శుద్ధయింది కదా."

"గట్లయితే ఆ మైలనే మంచిగుండె గదక్కా!"

పెద్దమ్మ చెంగు దోపుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఈసారి బామ్మ కోసం కాదు.

ఇప్పుడు రోజూ అశోక్‌నగర్ మీదుగా ఆఫీసుకి వెళ్తాను. సర్కారు కొలువుల కోసం చదువుకునే హాస్టల్ పిల్లలు రోడ్డు మీద కూర్చుని నినాదాలిస్తుంటారు. ఒకప్పుడు వాళ్ల పక్కన కూర్చుని గొంతు చించుకున్న నాయకులే కుర్చీలెక్కాక, ట్రాఫిక్‌కి అడ్డం, లేవండి అంటారు. ఒళ్లు మండుతుంది... ఆ వెంటనే అనుమానమూ వస్తుంది. పెద్దమ్మ అబద్ధమాడిందా? లేదు. అన్నప్పుడు నిజంగానే అంది. అదే నా చిరాకు. అబద్ధమైతే తిట్టుకుని వదిలేసేదాన్ని. వంటిల్లు చేతికొచ్చాక, దాన్ని నడిపే ఇంకో పద్ధతి ఆవిడకి తెలియదేమో. నాకు మాత్రం తెలుసా?

ఆ ఇల్లు పోయి అపార్ట్‌మెంట్ వచ్చింది. వసారా లేదు, దూరం కూర్చోవడాలూ లేవు. అంతా మారిందనే అంటారు... ఏమో.

మీ ఇళ్లల్లో పెద్దదిక్కు పోయాక, పెత్తనం చేతికొచ్చిన తర్వాత కూడా అన్న మాట మీద నిలబడ్డవాళ్లు ఉన్నారా? ఒక్కరున్నా రాయండి... పెత్తనమొస్తే ఎవరైనా ఇంతేనేమో అన్న నా అనుమానం తప్పని తేలితే నాకంటే సంతోషించేవాళ్లుండరు.